తగ్గుతూ వచ్చిన అంకె

ఆ అంకెను నేను ముప్పై రోజులు చూశాను. కళ్లజోడు పెట్టుకుని, కంప్యూటరు ముందు స్టూలు మీద కూర్చుని చూశాను. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. రోజుకొకటి చొప్పున తగ్గేది. తగ్గుతున్నందుకు లోపల సంతోషించాను కూడా. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మాది బందరులో కలంకారీ అద్దకం పని. టేకుచెక్క మీద బొమ్మ చెక్కి, దాన్ని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. ఆ చెక్కనే అచ్చు అంటాం. అద్దిన గీతల లోపల కుంచెతో రంగు నింపడం నా పని. మా దుప్పటి మధ్యలో ఒక పెద్ద చెట్టు ఉంటుంది, కొమ్మల మీద చిలకలు, చుట్టూ లతలు. ఆ ఒక్క చెట్టుకే నలభై పైచిలుకు అచ్చులు కావాలి. అచ్చు కలకాలం ఉండేది కాదు. కొన్నేళ్లు అద్దేసరికి సన్నగీతలు అరిగి మొద్దుబారతాయి. అప్పుడు కాగితం మీది బొమ్మ చూసి కొత్త అచ్చు చెక్కించాలి. బొమ్మ ఉన్నంతకాలం అచ్చు మళ్లీ పుడుతుంది. బొమ్మ పోతే, ఉన్న అచ్చు అరిగిన రోజుతో ఆ గీత భూమ్మీద ఉండదు. మా ఇంట్లో విలువైనవి ఏవంటే అవే, ఆ బొమ్మలే.

అవి ఒకసారి పోయాయి. మా మామగారి కాలంలో పని దివిసీమలో, కోడూరుకి అవతల ఒక పల్లెలో ఉండేది. ఉప్పెన వచ్చినప్పుడు మేం మనుషులం మేడ ఎక్కి బతికాం. అచ్చుల కొట్టు మాత్రం గోడలతో సహా పోయింది. టేకు గదా, అచ్చులు తేలాయి. నీళ్లు తీశాక ఎక్కడెక్కడి పొలాల్లోనో బురదలో కూరుకుని కనిపించేవి. ఒకరింట్లో పొయ్యిగడ్డ కింద ఎత్తుకు పెట్టిన చెక్కను చూస్తే మా నెమలి అచ్చు. ఉప్పునీళ్లకి పగిలి నోరు తెరుచుకుని ఉంది. కాగితాలు ఒక్కటీ దొరకలేదు.

బందరు వచ్చేశాక మా ఆయన ఆ బొమ్మలన్నీ జ్ఞాపకం మీద తిరిగి గీశారు. పొద్దున్నే కూర్చునేవారు. ముందు కళ్లు మూసుకుని వేలితో గాలిలో గీసుకునేవారు, తర్వాత నూనె కాగితం మీద పెన్సిలు పెట్టేవారు. మూడేళ్లు పట్టింది. మొత్తం మూడు వందల పన్నెండు. చివరిది పూర్తయిన రోజు వాటిని ట్రంకు పెట్టెలో పెట్టి, "ఇంకోసారి గియ్యమంటే నావల్ల కాదు, ఇవి పోతే పోయినట్టే" అన్నారు. మామూలుగానే అన్నారు. 

ఆయన పోయాక పని మా అబ్బాయి చేతికి వచ్చింది. వాడికి అద్దడం వచ్చు, రంగు కాచడం వచ్చు, గీయడం రాదు. గుడివాడలో అచ్చులు చెక్కే పెద్దాయన ఒకాయన ఉండేవారు. మా ఆయనకంటే చిన్న, నన్ను అక్కయ్యగారూ అనేవారు. ఆయనకి బొమ్మ ఇస్తే వెంట్రుక మందం గీతనైనా చెక్కేవారు. బొమ్మ ఇవ్వకపోతే ఆయనా ఏమీ చేయలేరు. కాబట్టి మావాడి బతుకంతా ఆ ట్రంకు పెట్టెలోనే ఉంది.

కోడలు డిగ్రీ చదివి వచ్చింది. కంప్యూటరు తెలుసు. ఒక ఏడాది వానలయ్యాక ట్రంకు తెరిస్తే అడుగున మట్టిగూడు కనిపించింది. చెదలు. కాగితాల అంచులు జల్లెడ అయ్యాయి. కోడలు గాబరాపడి గుడివాడ నుంచి ఒక పాత కంప్యూటరూ, స్కానరూ తెప్పించింది. వేసవంతా కూర్చుని మూడు వందల పన్నెండు బొమ్మలూ అందులోకి ఎక్కించింది.

ఎక్కించడం అయ్యాక ఆ కాగితాలను ఏం చేయాలన్న మాట వచ్చింది.

"దాచుదాం అత్తయ్యా, మావయ్యగారి చేతి గీతలు" అంది కోడలు.

"చెద పట్టిన కాగితం అచ్చుల పక్కన పెట్టుకుంటే రేపు చెద అచ్చుల్లోకి పాకుద్ది. అప్పుడు నువ్వూ నీ మొగుడూ ఏం అద్దుతారు, అరచేతులా?"

"వేరే గదిలో పెడదాం."

"వేరే గది ఎక్కడుందో చూపించు, పెడతాను."

వేరే గది లేదు. రంగు కాచే రాగి కాగు కింద ఆ కాగితాలు పెట్టాను. నూనె కాగితం కాబట్టి పుల్ల గియ్యగానే అంటుకుంది. ఆ పూట కట్టెలు కూడా తక్కువ పట్టాయి. తక్కువ పట్టాయని నేను పైకే అన్నాను. మా అబ్బాయి కాగులో గుడ్డలు తిప్పుతూ నా వైపు చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

నాకు ఒక పద్ధతి ఉంది. వస్తువు ఒకచోటే ఉండాలి. ఆవకాయ పెద్ద జాడీలో ఉంటుంది, వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీస్తాను. చిన్న జాడీ ఖాళీ అయితే కడిగి, తుడిచి, ఎండబెట్టి బోర్లిస్తాను. పెద్ద జాడీలో ఉన్నదే చిన్న జాడీలోనూ నిండా పెట్టుకుని కూర్చోవడం తిండియావ గల ఇళ్లలో చేసే పని. ఈ పద్ధతితోనే నేను నలభై ఏళ్లు ఇల్లు నడిపాను, ఒక్కరోజు ఒకరింటికి చేబదులుకి పోలేదు.

ఆ మరుసటి ఏడాది కోడలు ఇంకో మాట తెచ్చింది. "బొమ్మలు కంప్యూటర్లో ఉన్నాయి సరే. కంప్యూటరు ఈ ఇంట్లోనే ఉందిగా అత్తయ్యా. ఇంకో ఉప్పెనొస్తే?"

దేనికైనా మొదట వద్దనడం నా అలవాటు. ఆ మాటకి మాత్రం వద్దనలేకపోయాను. ఆన్‌లైన్ బ్యాకప్ అని ఒకటి ఉందట. ఒక కంపెనీ వాళ్లు మన కంప్యూటర్లో ఉన్నవాటిని ఫోను తీగ మీదుగా తీసుకుని తమ దగ్గర దాస్తారట. ఏడాదికోసారి కట్టాలట.

"వాళ్ల దగ్గరంటే ఏ ఊళ్లో?"

"ఊరు తెలీదత్తయ్యా. పెద్ద పెద్ద యంత్రాలుంటాయి."

"సముద్రానికి ఎంత దూరంలో ఉన్నాయో కనుక్కున్నావా?"

కోడలు నవ్వింది. "మీరు కనుక్కోమంటే కనుక్కుంటాను. ఇక్కడ ఏముందో వాడు రోజూ చూసుకుని, అక్కడా అదే ఉండేలా చూస్తాడు. అంతే."

అంతే. జరగబోయేదంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఇక్కడ ఏముంటే అక్కడా అదే. మరి ఇక్కడ ఏమీ లేకపోతే? నేను అడగలేదు. నాకు వినిపించింది పెద్ద జాడీ ఒకటి దొరికిందని.

బ్రాడ్‌బ్యాండు బందరుకి కొత్తగా వచ్చిన రోజులు. బొమ్మలు ఎక్కడం చాలా నెమ్మది. కోడలు ఒక్కో బొమ్మనీ మరీ పెద్దగా తీసిందట, సన్నగీత పోకుండా. రోజుకి నాలుగైదు వెళ్లేవి. తెర మీద మూల చిన్న పెట్టెలో ఇంకా ఎన్ని మిగిలాయో అంకె కనిపించేది. కోడలు నాకు అది చూపించి, "ఈ అంకె తగ్గుతుంటే మన పని సవ్యంగా నడుస్తోందని అర్థం. సున్నా వస్తే అన్నీ చేరినట్టు" అని చెప్పింది. మూడు వందల పన్నెండు నుంచి అది తగ్గడం నేను కూడా చూస్తూ వచ్చాను. పొద్దున పనులయ్యాక దాన్ని చూడటం నాకు అలవాటైంది.

అంకె పదకొండు దగ్గర ఉండగా కోడలి తల్లి కోడూరులో దొడ్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కోడలు బయల్దేరుతూ కంప్యూటరు ఎలా ఆన్ చేయాలో, పెట్టె వస్తే ఎలా మూయాలో నాకు నేర్పింది. "రోజూ రెండు గంటలు ఆన్ చేసి ఉంచండి చాలు. ఇంకేమీ ముట్టుకోవద్దు" అంది. మూడు రోజుల్లో సున్నా వచ్చింది. నేను కళ్లారా చూశాను. ఆ సున్నాలో అబద్ధం లేదు. మా ఆయన బొమ్మలన్నీ ఆ రోజు నిజంగానే అక్కడ ఉన్నాయి.

వారం తిరక్కుండా కంప్యూటరు మొరాయించింది. నొక్కినదానికి పలకదు, ఏదో పసుపు గుర్తు చూపిస్తుంది. గుడివాడలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, ఆ తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఉన్నారు. మాకు ఆ యంత్రం అమ్మింది ఆయనే. కబురు చేస్తే మధ్యాహ్నం బస్సులో దిగారు.

"పిన్నిగారూ, డిస్కు నిండిపోయింది. ఇంకోటి వెయ్యాలి" అన్నారు.

"ముందు ఆ నిండిందేంటో చెప్పు, తర్వాత ఇంకోటి సంగతి."

"అంతా మీ బొమ్మలే. ఒక్కోటి ఏనుగంత ఉంది."

"అవి పైకి పంపేశాంగా. మళ్లీ ఇక్కడెందుకు?"

"పైకంటే?"

"ఆన్‌లైన్ బ్యాకప్" అన్నాను. ఆ మాట నోరు తిరగడానికి నాలుగు రోజులు సాధన చేశాను.

ఆయన మౌసు మీంచి చెయ్యి తీశారు. "మొత్తం వెళ్లాయా?"

"మూడు వందల పన్నెండూ వెళ్లాయి. సున్నా వచ్చిందాకా నేనే కూర్చుని చూశాను."

"కోడలుగారిని ఓ మాట అడుగుదామా?"

"మంచాన పడ్డ తల్లికి చేస్తోందా పిల్ల. ఇంటి పెద్దని, నేను చెబుతుంటే చాలదా?"

"అది కాదు పిన్నిగారూ. నాలుగు డీవీడీలు కొంటే వాటికి ఎక్కించి ఇస్తాను. బీరువాలో పడేసుకోండి."

"రెండు చోట్ల ఉండటమే దండగ. మూడో చోటు కూడానా?"

"మీతో వాదించి గెలిచినోడు గుడివాడలో లేడు. బందర్లో ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను" అని నవ్వి, మళ్లీ మౌసు పట్టుకున్నారు. బొమ్మలన్నీ ఉన్న సంచీ గుర్తు మీద నొక్కారు. తెర మీద ఏదో వచ్చింది. ఆయన ఆగారు. "ఇది కూడా అడుగుతోంది పిన్నిగారూ, నిజంగానే తీసెయ్యాలా అని."

"నీకు చెప్పిందే దానికీ చెప్పు."

తీసేశారు. తీసేసినవి పడే బుట్ట ఒకటుందట, దాన్ని కూడా ఖాళీ చేశారు. యంత్రం వెంటనే తేలికైంది. అంత ఖాళీ చూసేసరికి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ముదినేపల్లిలో మా చెల్లెలి కూతురి పెళ్లి వీడియో సీడీలు గీతలు పడి ఆగిపోతున్నాయి. ఆయన చేతే వాటిని అందులోకి ఎక్కించాను. ఊరికే ఖాళీగా పడి ఉండటమెందుకని. ఆ పని కూడా నేనే చేయించాను, ఎవరూ నన్ను అడగలేదు.

సాయంత్రం అబ్బాయితో, "కంప్యూటరు శుభ్రం చేయించాను, బాగా నడుస్తోంది" అన్నాను. వాడు సరేనన్నాడు. కోడలికి ఫోనులో అదే మాట చెప్పాను. దుమ్ము దులిపించాననుకుందట.

మర్నాడు పొద్దున్న ఆన్ చేయగానే తెర మధ్యలో ఎర్ర అంచుతో ఒక పెట్టె వచ్చింది. అందులో ఇంగ్లీషు నాలుగు వరసలు, నడుమ ముప్పై. కోడలు నేర్పినట్టు మూసేశాను. మర్నాడు ఇరవై తొమ్మిది.

అంకె తగ్గుతోంది. తగ్గితే సవ్యంగా ఉన్నట్టని నాకు నేర్పారు. అక్కడికి చేరిన బొమ్మల్ని వాళ్లు కట్టలు కట్టి సర్దుకుంటున్నారని నేను అనుకున్నాను. అయినా కోడలికి ఫోను చేసి చెప్పాను.

"ఎర్ర పెట్టె వస్తోందే అమ్మాయ్. రోజుకో అంకె తగ్గుతోంది."

"ఎర్రదా? అయితే యాంటీవైరస్ వాడి గోల అత్తయ్యా. గడువు దగ్గర పడితే అలాగే వేధిస్తాడు. మూసెయ్యండి."

వెనక వాళ్లమ్మ మూలుగు వినిపిస్తోంది. ఇంకేం మాట్లాడకుండా పెట్టేశాను. అప్పుడు ఇంట్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాడు మా అబ్బాయి ఒక్కడే. వాడి చేతులకి పొద్దున్నించీ కరక్కాయ నీళ్లూ, తుప్పు నలుపూ. ఆ చేతులతో కంప్యూటరు గదిలోకి రావద్దని గీత గీసింది కూడా నేనే.

ఇరవై దగ్గరకి వచ్చేసరికి సముద్రం మీద వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. మొదట ఒకటో నంబరు, తర్వాత మూడు. బజారులో అందరూ ఆ నంబరు గురించే మాట్లాడుకునేవారు. గాలి ఉప్పు వాసన వేసింది. చేపలవాళ్లు పడవలు పైకి లాగి తాళ్లు కట్టారు. ఉప్పెన చూసినవాళ్లు ఆ వాసన వస్తే మూటలు సర్దుకుంటారు. నేను మాత్రం ఆ రెండు రోజులూ నిబ్బరంగా ఉన్నాను. రానీ, ఈసారి బొమ్మలు దానికి దొరకవు అనుకున్నాను. సముద్రం వైపు అంకె పెరుగుతుంటే మా ఇంట్లో అంకె తగ్గుతోంది.

గాలికి స్తంభాలు ఒరిగి రెండు రోజులు కరెంటు లేదు. వాయుగుండం ఎటో మళ్లిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే పదిహేను ఉంది. నేను ఆఖరుసారి చూసినప్పుడు పద్దెనిమిది. మూడు తగ్గాయి. యంత్రం ఆపి ఉంటే ఎలా తగ్గింది? బొమ్మలెక్కే రోజుల్లో కరెంటు పోతే అంకె పోయినచోటే ఆగేది, నాకు బాగా తెలుసు. నేను స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆ పదిహేనునే చూశాను. అక్కడ వాళ్లకి కరెంటు ఉంటుందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకుని పెట్టె మూసేశాను. కోడలికి మళ్లీ ఫోను చేయలేదు. ఒకసారి అడిగి జవాబు పుచ్చుకున్న విషయం మళ్లీ అడగడం నాకు నామోషీ. పదిహేను రోజులున్నాయి. ఒక్క ఫోను చాలు.

తర్వాత రోజులు మామూలుగా గడిచాయి. పది. ఆరు. మూడు. ఒకటి వచ్చిన రోజు పొద్దున్నే షెడ్డులోంచి అబ్బాయి వచ్చి చేతిలో చిలక అచ్చు చూపించాడు. అద్దుతుంటే కింద చెక్క పొడిపొడిగా రాలిందట. తిప్పి చూస్తే లోపల మట్టిగూడు. ఏ చెదలకి భయపడి కాగితాలు కాల్చానో అవి అప్పటికే అచ్చులో ఉన్నాయి. చిలక తలా రెక్కలూ ఉన్నాయి. నడుం కింద లేదు.

"గుడివాడ పంపించి కొత్తది చెక్కిద్దామమ్మా. బొమ్మ కావాలి" అన్నాడు.

"మీ ఆవిడ రేపు వస్తోందిగా, తీసిస్తుంది" అన్నాను.

మర్నాడు పెట్టె రాలేదు. తెర తేటగా ఉంది. పని పూర్తయిందనుకున్నాను. మధ్యాహ్నానికి కోడలు వచ్చింది. కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

"అత్తయ్యా, బొమ్మలేవి?"

"తీయించేశాను. పైనున్నాయిగా."

కోడలు నా వైపు తిరగలేదు. "ఎప్పుడు?"

"నువ్వెళ్లిన పదిరోజులకి."

ఆమె బ్యాకప్ తెరిచింది. తెల్లటి పేజీ. మళ్లీ తెరిచింది. తర్వాత ఉత్తరాల పెట్టె తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకే చోటు నుంచి. చదువుతూ చదువుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కంపెనీకి ఫోను చేసి, నాకూ వినపడేలా పెట్టింది. అటువైపు పిల్ల తెలుగులోనే మాట్లాడింది, చాలా మర్యాదగా.

"మీ కంప్యూటర్లోంచి తీసేసిన ఫైల్స్ మా దగ్గర ముప్పై రోజులే ఉంటాయండి మేడం. ఆ తర్వాత వాటంతటవే పోతాయి. రోజూ మెసేజ్ చూపించాం, మెయిల్ కూడా పంపాం. నిన్నటిదాకా ఉన్నాయండి."

"నిన్నటిదాకానా?"

"అవునండి. నిన్న రాత్రితో అయిపోయాయి. సారీ అండి."

ఫోను పెట్టేసి కోడలు అడిగింది. "ఆ ఎర్ర పెట్టె రోజూ చూశారా అత్తయ్యా?"

"చూశాను."

"అంకె తగ్గడం చూశారు."

"చూశాను."

"నేనే మూసెయ్యమన్నాను" అంది కోడలు. ఆ తప్పులో భాగం పంచుకోవాలని చూసింది. నేను ఇవ్వలేదు. షెడ్డులోకి వెళ్లి అబ్బాయికి చెప్పింది కూడా తనే. వాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను గీసిన గీత దాటి లోపలికి రాలేదు. నల్లటి చేతులు గాలిలో పట్టుకుని కాసేపు ఆ తెల్ల తెర చూసి వెనక్కి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ అచ్చు కొడుతున్న చప్పుడు వినిపించింది.  

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించాం. తీసేసినా డిస్కులో జాడ మిగులుతుందట, దాని మీద ఇంకేమీ ఎక్కించకుండా ఉంటే. ఆ మాట అంటూనే ఆయన ఆగిపోయారు. పెళ్లి వీడియో ఎక్కించింది ఆయన చేతులే, ఎక్కించమన్నది నేను. డిస్కు పట్టుకెళ్లి వారం తర్వాత తెచ్చారు. ఈసారి సరదా మాటలేమీ ఆడలేదు. నలభై ఒకటి దొరికాయి. అందులో పంతొమ్మిది పూర్తిగా ఉన్నాయి. మిగతావన్నీ సగం. తెర మీద పైభాగం మా ఆయన గీసినట్టే ఉంటుంది, ఒక్కో ఈకా ఒక్కో ఆకూ. నడిమధ్య అడ్డంగా కోసినట్టు ఆగిపోయి, కిందంతా ఉత్త బూడిద రంగు. వేళ్లు లేని చెట్టు. మెడ దాకా నెమలి. ఉప్పెన తర్వాత దొరికిన అచ్చులు కూడా ఇంత భయపెట్టలేదు నన్ను.

చిలక కూడా సగమే. పైసగం.

పాత గుడ్డ చూసి గీసుకోవచ్చు గదా అనుకుంటారు. అమ్ముడుపోయే గుడ్డని ఇంట్లో దాచడం నా పద్ధతి కాదు. నలభై ఏళ్లలో ఒక్క దుప్పటి ఉంచలేదు. ఈమధ్య అద్ది ఇంకా అమ్మకానికి వెళ్లనివి ఉన్నాయి గానీ అవి అరిగిన అచ్చుతో అద్దినవి. కాళ్లున్నచోట ఎర్రటి మచ్చ తప్ప గీత లేదు.

అచ్చులు చెక్కే ఆయన ఆ సగం బొమ్మ కాగితం పట్టుకుని గుడివాడ నుంచి వచ్చారు. అరుగు మీద కూర్చుని కాగితాన్ని మోకాలి మీద పరిచారు. అబ్బాయీ కోడలూ పక్కన నిలబడ్డారు.

"పైసగం అచ్చులోనూ ఉంది. కావలసింది కింద సగం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరే చెప్పాలి అక్కయ్యగారూ. బావగారు గీస్తుంటే పక్కనున్నది మీరే. ఆ కాళ్లకి ముప్పై ఏళ్లు ఎరుపు నింపిన చెయ్యి మీది."

"అడుగు తమ్ముడూ."

"రెండు కాళ్లూ కొమ్మ మీదేనా, ఒకటి ఎత్తి ఉండేదా?"

నేను కళ్లు మూసుకున్నాను. మా ఆయన చేసినట్టే వేలితో గాలిలో గీసి చూశాను. నా వేలికి గుర్తున్నది ఎరుపు. కుంచె ఎక్కడ ముంచాలో, ఎంత తడి పిండాలో గుర్తుంది. గీత గుర్తులేదు. గీత ఎప్పుడూ అక్కడే ఉండేది, నేను దాని లోపల నింపేదాన్ని. ఒకసారి రెండు కాళ్లూ కొమ్మని పట్టుకున్నట్టు కనిపించింది. ఇంకోసారి ఒక కాలితో పండు పట్టుకున్నట్టు. తర్వాత ఆ బూడిద రంగే కనిపించింది.

అరుగు మీద ముగ్గురూ నా నోటికేసి చూస్తున్నారు. ఈ ఇంట్లో నేను తెలీదన్న మాట ఎవరూ వినలేదు.

"కుడికాలు ఎత్తి ఉండేది" అన్నాను. "గోళ్లు మూడు ముందుకి, ఒకటి వెనక్కి. తోక కొమ్మ దాటి కిందికి దిగేది."

ఆయన పెన్సిలు తీసి, నేను చెప్పినట్టే గీశారు. నెల తిరిగేసరికి అచ్చు వచ్చింది. మొదటి గుడ్డ అద్ది, కాలువలో జాడించి, గట్టు మీద ఆరేశారు. ఎండలో దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. గీత సన్నగా, శుభ్రంగా ఉంది. పైన మా ఆయన చిలక. కింద ఒంటికాలి మీద నిలబడి ఉన్నది ఏ పక్షో నాకు తెలియలేదు.

మా అబ్బాయి పక్కకి వచ్చి చాలాసేపు చూశాడు.

"నాన్న గీసిందే గదమ్మా?"

"అదే" అన్నాను.